భయానక సినిమా బొమ్మల అంచనా – నాలుగో పాఠం: పాదం కింద ఉన్న సంవత్సరం

ఈసారి ధరల గురించి చెప్పుకోవాలి అనుకున్నాం. అది వచ్చే పాఠానికి జరిగింది. మూడో పాఠంలో కీళ్లు కదిపి చూడమన్నాక మీ నుంచి వచ్చిన ఫొటోల్లో ఎక్కువ భాగం విరిగిన చీలమండలే. కదిపి చూడమన్నది కదిలే కీలుని. బిగుసుకున్న కీలుని బలం పెట్టి తిప్పితే అది అంచనా కట్టడం కాదు, బొమ్మ విలువని మన చేతులతో మనమే తగ్గించడం. కాబట్టి ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

7 అంగుళాల బొమ్మ చీలమండలో సన్నటి గట్టి ప్లాస్టిక్ పుల్ల ఒకటి ఉంటుంది. దాని చుట్టూ ఉన్న పాదం కాస్త మెత్తటి పీవీసీ. ఫ్యాక్టరీలో రంగు వేసినప్పుడు ఆ సందులోకి రంగు దిగి ఆరిపోతుంది. తర్వాత బొమ్మ ఏళ్ల తరబడి అదే భంగిమలో పెట్టెలో ఉండిపోతుంది. రాక్షసుల బొమ్మల్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. బురద, నెత్తురు, కుళ్లిన చర్మం కనబడాలని ముదురు రంగుని నీళ్లలా పలచన చేసి పోసి, పైపైన తుడిచేస్తారు. ఆ పలచటి రంగే ప్రతి సందులోకీ పాకుతుంది. మీరు తిప్పగానే రంగు వదలదు, పుల్ల వదిలేస్తుంది.

ఇలాంటి కీలుకి వేడి కావాలి. హెయిర్ డ్రయ్యర్ వాడేవాళ్లు ఉన్నారు. నేను మాత్రం వేడి నీళ్లే వాడతాను, ఎందుకంటే డ్రయ్యర్ వేడి ఒకే చోట పడి రంగు పొంగే ప్రమాదం ఉంది. స్టీలు గిన్నెలో నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దింపి, అయిదు నిమిషాలు ఆగండి. అప్పుడు ఆ కీలు వరకే ముంచి ఒక నిమిషం ఉంచండి. బయటికి తీసి, కీలుకి ఆనుకుని పైన ఒక చేతి వేళ్లు, కింద ఒక చేతి వేళ్లు పెట్టి, కొంచెం వెనక్కి, కొంచెం ముందుకి కదపండి. పాదం కొస పట్టుకుని తిప్పకండి, బలమంతా పుల్ల మీదే పడుతుంది. బట్టతో చేసిన అంగీలు, స్టిక్కర్లు, లోపల లైటు గానీ శబ్దం గానీ వచ్చే ఏర్పాటు ఉన్న బొమ్మల్ని నీళ్ల దగ్గరికి తేవద్దు.

తిప్పుతుండగా కీలు చుట్టూ ప్లాస్టిక్ తెల్లబడుతోందా? ఆపేయండి. ఆ తెల్లచార ఇక పోదు, దాన్ని లోపం కిందే రాయాలి. రెండుసార్లు వేడి చేసినా కదలకపోతే కాగితం మీద "ఎడమ చీలమండ బిగుసుకుంది, కదపలేదు" అని రాసి వదిలేయండి. కొనేవాడికి ఆ మాట చాలు. విరిగి అంటించిన కీలు కంటే బిగుసుకున్న కీలు ఎప్పుడూ నయం. ఇప్పటికే విరగ్గొట్టుకున్నవాళ్లు అంటించినా సరే, అంటించామని రాయండి. రాయకుండా అమ్మితే అది మోసం.

రాజోలు వైపు నుంచి ఒకరు కీలులో కొబ్బరినూనె వేశారట. ఇంట్లో ఉంది కదా అని వేసి ఉంటారు. వంటనూనె ఏదైనా ప్లాస్టిక్ సందులో ఉండిపోతే కొన్నాళ్లకి ముక్కిపోవచ్చు, దుమ్ము పట్టి నల్లబడుతుంది. తప్పనిసరైతే సిలికాన్ గ్రీజు, అదీ అగ్గిపుల్ల కొసకి అంటినంత. ఇంకొకరు నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచారు. అందులో ఉండే అసిటోన్‌కి రంగు పోవడమే కాదు, గట్టి ప్లాస్టిక్ కూడా కరుగుతుంది.

బొమ్మ చేతికి అంటుకుంటోంది, మురికేమో అని చాలామంది అడిగారు. అది చాలాసార్లు మురికి కాదు. పీవీసీ మెత్తగా ఉండటానికి అందులో కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ లోపలి నుంచి పైకి వస్తుంది. మన కోనసీమ ఉక్కలో, గాలి ఆడని చోట అది మరీ తొందరగా బయటపడుతుంది. తేమ తగలకూడదని పాలిథిన్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టినవాళ్ల బొమ్మలే ఎక్కువ జిగురెక్కాయి, ఎందుకంటే పైకి వచ్చిన పదార్థానికి పోవడానికి దారి లేదు. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి కడిగి, నీడన ఆరబెట్టి, గాలి తగిలే గాజు అలమరలో ఉంచండి. తేమని పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టెకీ, బొమ్మ వెనకుండే అట్టకార్డుకీ పనికొస్తాయి. జిగురుకి అవి మందు కాదు. అంతర్వేది, నరసాపురం లాంటి సముద్రానికి దగ్గరి ఊళ్లవాళ్లు బొమ్మని పెట్టెకి కట్టిన తీగల్ని కూడా చూడండి. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి, ఆ మరక బొమ్మ మణికట్టు మీదికి దిగుతుంది.

ఇక అసలు పాఠం. బొమ్మ ఎవరిది, ఎత్తెంత, ఏ సినిమాది అన్నవి మీకు వచ్చేశాయి, వాటిని వదిలేస్తున్నాను. ఈసారి ఒక్క విషయమే గట్టిగా చెప్తాను, ఎందుకంటే మీరు పంపిన అంచనా కాగితాల్లో దాదాపు ప్రతిదాంట్లోనూ అదే తప్పు.

బొమ్మ పాదం కిందో, వీపు మీదో చిన్న అక్షరాలతో ఒక సంవత్సరం అచ్చయి ఉంటుంది. దాన్ని చూసి "1991లో తయారైనది" అని రాసేస్తున్నారు. అది తయారైన సంవత్సరం కాదు. ఆ ఆకారం మీద హక్కు మొదలైన సంవత్సరం. సంవత్సరం పక్కనున్న పేరు కూడా చాలాసార్లు బొమ్మ చేసిన కంపెనీది కాదు, సినిమా హక్కులున్న స్టూడియోది. ఆ అక్షరాలు ఉక్కు అచ్చులోనే చెక్కి ఉంటాయి. అచ్చు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం అదే అచ్చులో పదేళ్ల తర్వాత, ఇరవై ఏళ్ల తర్వాత పోసిన బొమ్మకీ ఆ సంవత్సరమే వస్తుంది.

నమ్మకం కలగకపోతే ఇంట్లో ఉన్న బార్బీ బొమ్మ వీపు చూడండి. 1990లలో కొన్న బార్బీల మీద కూడా 1966 అని ఉంటుంది. ఆ నడుము తిరిగే శరీరానికి హక్కు తీసుకున్న సంవత్సరం అది. పిల్లల హాట్ వీల్స్ కారుని తిప్పి అడుగు చూడండి, నిన్న కొన్న కారు మీద కూడా పాత సంవత్సరం కనబడవచ్చు. మన దేశంలో ఫన్‌స్కూల్ కంపెనీ జి.ఐ. జో అనే అమెరికా సైనికుల బొమ్మలు అమ్మిందని చాలామందికి గుర్తే. ఆ కంపెనీ 1987లో మొదలైంది. 1980లలో అమెరికా బొమ్మలకి వాడిన అచ్చుల్నే తెచ్చుకుని వేరే రంగులతో ఇక్కడ పోసింది. అచ్చు పాతది, బొమ్మ కొత్తది. ఆ వింత రంగుల కోసమే ఇప్పుడు విదేశాల సేకర్తలు వాటిని వెతుక్కుంటున్నారు. అచ్చు మీది సంవత్సరాన్ని నమ్మి అంచనా కడితే వాటి అసలు విలువే తెలియదు.

ఈ అపోహ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. 1980లో రెమ్కో కంపెనీ యూనివర్సల్ స్టూడియో రాక్షసుల్ని 3¾ అంగుళాల ఎత్తులో తెచ్చింది. డ్రాకులా, ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడు, మమ్మీ, వోల్ఫ్ మ్యాన్, ఫాంటమ్, నీటిజీవి క్రీచర్, మొత్తం ఆరుగురు. వాటి మీద ఉండే సంవత్సరం, అవి దుకాణంలోకి వచ్చిన కాలం కలుస్తాయి. వాటితో మొదలుపెట్టినవాళ్లు ఇదే సూత్రం అనుకుని మిగతా బొమ్మలన్నిటికీ వాడేస్తున్నారు.

ఇంకో అడుగు ముందుకేసి సినిమా సంవత్సరాన్నే బొమ్మకి రాసినవాళ్లు ఉన్నారు. ఫ్రాంకెన్‌స్టైన్ సినిమా 1931ది, క్రీచర్ సినిమా 1954ది. కీళ్లు కదిలే బొమ్మకి "యాక్షన్ ఫిగర్" అనే పేరు వచ్చిందే 1964లో, జి.ఐ. జోతో. "1931 నాటి యాక్షన్ ఫిగర్" అని ఎవరైనా అమ్మజూపితే వెనక్కి తిరగండి.

మరి ఆ సంవత్సరం దేనికి పనికొస్తుంది? కింది హద్దుకి. బొమ్మ అంతకంటే పాతది కాదని అది చెప్తుంది. పై హద్దు, అంటే అంతకంటే కొత్తది కాదన్న సాక్ష్యం, వేరేచోట వెతకాలి. హద్దులు రెండూ దొరికితేనే కాలం రాయండి.

హద్దులు చెప్పే గుర్తులు కొన్ని. "హాంగ్‌కాంగ్" అని ఉంటే సాధారణంగా 1980లు, లేదా అంతకు ముందటి సరుకు. తర్వాత పని చైనా ప్రధాన భూభాగానికి తరలిపోయింది. పెట్టె మీద యూరప్ వాళ్ల సి.ఇ. గుర్తు ఉంటే 1990 కంటే ముందుది కాదు, ఎందుకంటే బొమ్మలకి ఆ నిబంధన అప్పుడే అమల్లోకి వచ్చింది. అమెరికాలో 2009 ఆగస్టు నుంచి పిల్లల ఆటవస్తువుల మీద తయారీ వివరాలు తెలిపే ట్రాకింగ్ గుర్తు తప్పనిసరి. ఆ కోడ్ దొరికితే అదృష్టమే, తయారీ తేదీ దాంట్లోనే దొరకవచ్చు. మన దేశంలో బొమ్మలకి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది 2021 జనవరి 1 నుంచి. పెట్టె మీద వెబ్‌సైటు చిరునామా ఉంటే 1990ల మధ్యకాలం దాటినట్టే.

మన జిల్లాల్లో ఇంకో సాక్ష్యం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. రాజోలు, అమలాపురం వైపు ఎన్నో ఇళ్లలో ఈ బొమ్మలు గల్ఫ్ సూట్‌కేసుల్లో వచ్చాయి. పెట్టె బరువని అక్కడే పారేసి, బొమ్మ ఒక్కటే బట్టల మధ్య పెట్టి తెచ్చారు. "నాన్న కువైట్ నుంచి 1998 సంక్రాంతికి తెచ్చారు" అని ఇంట్లో చెప్తే, ఆ పండక్కి తీసిన ఫొటోలో బొమ్మ కనిపిస్తే, పై హద్దు దొరికినట్టే. వీపు మీద 1991, ఫొటో 1998. ఇక "1991–1998 మధ్య" అని ధైర్యంగా రాయొచ్చు. ఆ ఫొటోని బొమ్మతో పాటే దాచండి.

స్టూడియో పేరు లేనంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. ఫ్రాంకెన్‌స్టైన్ నవల 1818ది, డ్రాకులా నవల 1897ది. ఆ కథల మీద ఎవరికీ హక్కులు లేవు, ఎవరైనా సొంత రూపంతో బొమ్మ చేసుకోవచ్చు. కానీ చదునైన నడినెత్తి, మెడకి రెండు పక్కల మేకులు, నుదుటి మీద కుట్లు ఉన్న ఆ ముఖం 1931 సినిమా కోసం జాక్ పియర్స్ చేసిన మేకప్. ఆ ముఖమే ఉండి హక్కుల పేరు లేకపోతే అప్పుడు అనుమానించండి. ఇలాంటివాటిలో అసలు బొమ్మ మీద అచ్చు తీసి పోసిన నకిలీలు ఉంటాయి. వాటి అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి, బొమ్మ కూడా అసలు దానికంటే కాస్త చిన్నదవుతుంది. తలని వెర్నియర్‌తో, అంటే సన్నటి కొలతలు తీసే పరికరంతో, కొలిచి అసలు బొమ్మ కొలతతో పోల్చండి, తేడా దొరుకుతుంది.

రంగు గురించి ఒక్క మాట. రాక్షసుడి ముఖం మీద ఫ్యాక్టరీలో వేసిన మురికి ఏది, వాడకంలో పట్టిన మురికి ఏది? భూతద్దం పెట్టి కనుబొమల గట్టు చూడండి. ఫ్యాక్టరీ ముదురు రంగు గాడుల అడుగున ఉంటుంది, ఎడమవైపు ఎంతో కుడివైపూ ఇంచుమించు అంతే. వాడకం అరిగించేది ఎత్తుల్ని: ముక్కు కొస, వేళ్ల కణుపులు, కాలి బొటనవేలు. అంగీ ఉన్న డ్రాకులాకి అంగీ ఎత్తి లోపలి రంగు చూడండి. వెలుతురు తగలని ఆ చోటే మీకు ఆధారం, బయటి రంగుని దాంతో పోల్చాలి. మళ్లీ రంగు వేశారేమోనని అనుమానం వస్తే నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి చీకట్లో వేయండి. తర్వాత పూసిన రంగు, జిగురు చాలాసార్లు వేరుగా మెరుస్తాయి.

అభ్యాసం. ఒక్క బొమ్మ తీసుకోండి. ఉదయం ఏడింటికి అరుగు మీద, మధ్యాహ్నం నీడలో, రాత్రి ట్యూబ్‌లైటు కింద, మూడుసార్లు విడివిడిగా చూసి మూడు కాగితాలు రాయండి. ఒక్కో కాగితం ముప్ఫై వరుసలకి తగ్గకూడదు. "బాగుంది", "పాతది", "అరుదైనది" అన్న మాటలు వాడకూడదు. ప్రతి మచ్చకీ చోటు, మిల్లీమీటర్లలో కొలత ఉండాలి. కాలం రాస్తే రెండు హద్దులూ, వాటికి సాక్ష్యాలూ రాయాలి. హద్దు దొరక్కపోతే ఆ గడి ఖాళీగా వదలండి, ఊహించి నింపకండి. మూడు కాగితాలనీ పక్కపక్కన పెట్టి, మూడింటిలోనూ ఉన్న లోపాలనే చివరి కాగితంలోకి ఎక్కించండి. ఒక వెలుతురులోనే కనబడినవాటిని మర్నాడు మళ్లీ చూడండి. ఆ చివరి కాగితం ఇంట్లో ఒకరికిచ్చి, అయిదు బొమ్మల మధ్య నుంచి మీ బొమ్మని ఏరమనండి. ఏరలేకపోతే కాగితం తిరిగి రాయాలి. పెట్టె సీలు తీయనివి ఉన్నవాళ్లు సీలు తీయకుండానే, ప్లాస్టిక్ లోంచి కనబడినంత వరకే రాసి పంపండి. ధరల పాఠానికి ఆ కాగితాలే ముడిసరుకు.