చలికాలం ముందు జాగ్రత్తలు: ఇంగ్లండ్‌లో దగ్గర్లో ఉన్న ఆసుపత్రి అంటే అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రి అని కాదు

2025 జనవరిలో బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ ఒక నివేదిక బయటపెట్టింది. అయిదు వేల మందికి పైగా నర్సింగ్ సిబ్బంది తమ మాటల్లో చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. మంచాలు లేక కారిడార్లలోనే చికిత్స చేస్తున్నారు, కొందరు రోగులు అక్కడే ప్రాణాలు వదులుతున్నారు. చలికాలంలో ఈ రద్దీ ఇంకా పెరుగుతుంది. మన అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఉండేదీ, కొత్త విద్యార్థులకు మొదటి చలి తగిలేదీ ఆ నెలల్లోనే.

చేతులు కడుక్కోండి, స్వెటర్ వేసుకోండి అని ఇక్కడ రాయడం లేదు. చెప్పాల్సిన పొరపాటు ఒక్కటే. ఛాతీలో నొప్పి అనగానే మనిషిని కారులో పడేసి, దగ్గర్లో కనిపించే ఆసుపత్రికి పరిగెత్తడం.

విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఈ అలవాటు చాలాసార్లు పనిచేస్తుంది. పెద్దాసుపత్రి గేటు దాటితే క్యాజువాలిటీ, రాత్రి రెండింటికీ తెరిచే ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఊళ్లో ఆసుపత్రి ఉన్నా, అత్యవసర విభాగం ఉంటుందన్న హామీ లేదు. గ్రాంథమ్‌ అనే ఊళ్లో ఆ విభాగాన్ని 2016 ఆగస్టులో రాత్రిపూట మూసేశారు. స్టాఫర్డ్‌లో 2011 డిసెంబర్ నుంచే రాత్రి లేదు. చోర్లీలో 2016లో సిబ్బంది లేక మూశారు, తర్వాత తెరిచారు, 2020 మార్చిలో మళ్లీ మూసి, నవంబర్‌లో ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే అని తెరిచారు. మూసిన చోట చాలావరకు ‘అర్జెంట్ ట్రీట్‌మెంట్ సెంటర్’ అనే బోర్డు ఉంటుంది. కాలు మడత పడితే, చెయ్యి తెగితే, జ్వరం తగ్గకపోతే అది మంచి చోటు. గుండెపోటుకూ పక్షవాతానికీ కాదు. అక్కడికి తీసుకెళ్తే వాళ్లు చేయగలిగింది అంబులెన్స్ పిలిచి వేరే ఊరికి పంపడం. ఈలోపు పోయిన గంట తిరిగి రాదు.

ఈ మార్పుల మీద స్థానిక నాయకులు గట్టిగా పోరాడుతున్నారు, వాళ్ల బాధలో న్యాయముంది. అప్పట్లో టెల్‌ఫర్డ్ పట్టణ కౌన్సిల్ నాయకుడిగా ఉన్న షాన్ డేవిస్, అత్యవసర సేవలను ష్రూస్‌బరీకి చేర్చే పథకాన్ని ఏళ్ల తరబడి వ్యతిరేకించారు. 2024లో ఎంపీ అయ్యారు. కిడర్‌మిన్‌స్టర్‌లో విభాగం పోయిందన్న కోపంతో జనం రిటైరైన వైద్యుడు రిచర్డ్ టేలర్‌ను 2001లో ఇండిపెండెంట్ ఎంపీగా గెలిపించారు, 2005లో మళ్లీ గెలిపించారు. విభాగం మాత్రం తిరిగి రాలేదు. మీ ఊళ్లో ఇలాంటి మార్పు మీద ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంటే తప్పక అభిప్రాయం రాయండి. కానీ కౌన్సిలర్ గారు ‘మన ఏ అండ్ ఈ (అత్యవసర విభాగం) ఉంటుంది’ అన్నారని ఈ రాత్రి అక్కడికి వెళ్లొద్దు.

అన్ని మార్పులూ చెడ్డవేమీ కావు. 2010లో లండన్‌లో పక్షవాత చికిత్సను 8 ప్రత్యేక కేంద్రాలకు చేర్చాక మరణాలు తగ్గాయి. అందుకే అంబులెన్స్ ఒక్కోసారి దగ్గరి ఆసుపత్రిని దాటి వెళ్తుంది. ఎక్కడ స్కాన్, ఎక్కడ గుండె నాళం తెరిచే బృందం సిద్ధంగా ఉన్నాయో దాని సిబ్బందికి తెలుసు. ముందే ఫోన్ చేసి చెబుతారు కూడా. మీ కారు ఆ ఫోన్ చేయదు.

ఇప్పుడే చేయాల్సిన పని: ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వెబ్‌సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొట్టి, రాత్రంతా తెరిచి ఉండే అత్యవసర విభాగం ఏదో, అర్జెంట్ ట్రీట్‌మెంట్ సెంటర్ ఏదో, వాటి వేళలేమిటో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. పెద్దవాళ్లు వాడే మందులు బ్రాండ్ పేరుతో కాకుండా అసలు పేరుతో, మిల్లీగ్రాములతో రాయండి. హైదరాబాద్ బ్రాండ్ పేరు ఇక్కడి డాక్టర్‌కు అర్థం కాదు. కిందే షుగర్, అలర్జీల సంగతి.

ఖర్చు భయం చాలామందిని ఆపేస్తోంది. అత్యవసర విభాగంలో చేసే చికిత్స విజిటర్లకూ ఉచితమే. వార్డులో చేర్చుకున్న తర్వాతే బిల్లు వస్తుంది, విజిటర్లకు ఎన్‌హెచ్‌ఎస్ ధరకు ఒకటిన్నర రెట్లు. అందుకే అమ్మానాన్నలకు బీమా చేయించే విమానం ఎక్కించండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు డబ్బు కట్టలేదని చికిత్స ఆపరు.

ఇక ఆ క్షణం వస్తే:

999 కొట్టండి. 112 కొట్టినా అక్కడికే వెళ్తుంది. 108 కాదు.

‘అంబులెన్స్’ అనండి. మొదటి ప్రశ్న, మనిషికి స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా. తర్వాత పోస్ట్‌కోడ్, ఫ్లాట్ నంబర్.

ఇంగ్లిష్ రాకపోతే ‘తెలుగు’ అనండి, దుబాసీని కలుపుతారు.

ఫోన్ పెట్టేయకండి. ప్రశ్నలు అడుగుతున్నందువల్ల బండి ఆలస్యం కాదు.

గ్యాస్ అని ఈనో ఇచ్చి గంట చూడకండి. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు నొప్పి లేకుండా కూడా వస్తుంది: చెమట, ఆయాసం, దవడ లాగడం.

ఇండియాలో డాక్టర్ బావకు వాట్సాప్ కాల్ తర్వాత. ముందు 999.

గుండెపోటు అనుమానమైతే, అలర్జీ లేకపోతే, ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలించండి. ఫోన్‌లో ఉన్నవాళ్లను అడిగే ఇవ్వండి.

మూతి వంకర, చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం కనిపిస్తే ఆస్పిరిన్ వద్దు. నీళ్లు వద్దు. ఆఖరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారో ఆ టైం రాయండి. మెదడులో రక్తం గడ్డను కరిగించే మందుకు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. నిద్రలో వస్తే పడుకున్న టైమే లెక్క.

తలుపు తాళం తీయండి. వరండా లైటు వేయండి. ఒకరు కిందికి దిగి నిలబడండి.

ఆలస్యమవుతోందా, పరిస్థితి ముదురుతోందా? మళ్లీ 999.

మీరే తీసుకురండి అని వాళ్లు చెబితే, ఏ ఆసుపత్రికి, ఏ గేటుకి అని అడిగి రాసుకోండి.

వాళ్లు చెప్పకపోతే కారు తీయకండి. పక్కింటివాళ్ల కారూ వద్దు, ట్యాక్సీ కూడా వద్దు.

ప్రాణం మీదికి రాని ఒంట్లో బాగోలేనితనానికి ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబర్ 111 ఉంది. ఛాతీ నొప్పికి 111 కాదు.

గడియారం వెనక్కి తిప్పే అక్టోబర్ ఆఖరి ఆదివారం నాడు, ఫ్రిజ్ మీద కాగితం మళ్లీ సరిచూడండి. వేళలు మారి ఉండొచ్చు.