తీరప్రాంత విడిది ఇంటికి రూపకల్పన
సముద్రతీరంలో విడిది ఇల్లు కట్టదలచినవారు ఏసీ కన్నా ముందు గాలి దారిని ఆలోచించాలి. పగటిపూట నేల నీటికంటే త్వరగా వేడెక్కడం వల్ల గాలి కడలి నుంచి ఒడ్డుకు వీస్తుంది కాబట్టి, అటువైపు కిటికీలు పెట్టి, ఎదురుగోడలో అంతకు తగ్గని వెడల్పుతో మరికొన్ని ఉంచితేనే అది గదుల గుండా సాగిపోతుంది. నడినెత్తి ఎండను చూరు ఆపుతుంది గానీ, పడమటి వాలుటెండకు నిలువు పలకల తెరలు అవసరం. సముద్రం పడమటనే ఉంటే నిలువెత్తు అద్దాల మోజు కొంత తగ్గించుకోక తప్పదు.

ఉప్పుగాలికి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు తలుపు బందుల మీద కూడా గోధుమరంగు మరకలు తేలతాయి. మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం మెరుగు. సౌరఫలకాలకు ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) వారి 61701 ఉప్పుతుంపర పరీక్ష ధ్రువపత్రం అడగాలి. ఇల్లు తరచూ మూసి ఉంటుంది గనుక ఫ్రిజ్, గీజర్ వంటివన్నీ ఒకే స్విచ్‌తో ఆగేలా వైరింగ్ చేయించాలి.