సెట్‌బ్యాక్ అనే ఇంగ్లీషు మాట ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు గంట లేటైతే అది డిలే, అంతే, దాన్ని సెట్‌బ్యాక్ అనకండి. కోసి పనల మీద ఉన్న వరి తుఫానుకు నాని, గింజ మొలకెత్తి, ఇక అమ్ముకోవడమే తరువాయి అనుకున్నది కాస్తా వెనక్కి తన్నిందనుకోండి, అదీ సెట్‌బ్యాక్. మీటింగులో మైకు మొరాయిస్తే హిచ్ (చిన్న ఆటంకం) చాలు. ఇల్లే కొట్టుకుపోతే మాత్రం సెట్‌బ్యాక్ మరీ చప్పగా ఉంటుంది, డిజాస్టర్ అనాల్సిందే.

వాక్యంలో సెట్‌బ్యాక్ ముందు ‘సఫర్ ఎ’ పెట్టండి, దెబ్బ ఎవరికో చెప్పాలంటే వెనక ‘ఫర్’ గానీ ‘టు’ గానీ. క్రియగా వాడితే రెండు ముక్కలవుతుంది: ‘ద రెయిన్ సెట్ అస్ బ్యాక్ ఎ వీక్’. అన్నట్టు, ఇంటి ప్లాన్ అప్రూవల్లో అడిగే సెట్‌బ్యాక్ వేరు, అది గోడకీ హద్దుకీ మధ్య వదలాల్సిన ఖాళీ.