ఎలుకలకు బోను కంటే ముందు టార్చిలైటు

నేను ఇళ్ళకు కరెంటు వైరింగు చేస్తాను. ఫ్రిజ్ వెనక, సింకు కింద, అటక మీద తల దూర్చడమే నా పని కాబట్టి, ఇంట్లో ఎలుకలు చేరిన సంగతి చాలాసార్లు ఇంటివాళ్ళకంటే ముందు నాకే తెలుస్తుంది. చెప్పగానే వాళ్ళు అడిగేది ఒకటే: ఏ మందు పెట్టమంటారు? మందు మాట తర్వాత. ఏ కన్నంలోంచి వస్తున్నాయో చూసుకోకుండా ఎన్నిటిని చంపినా, ఖాళీ అయిన చోటికి కొత్తవి వస్తూనే ఉంటాయి.

ఇళ్ళలో దూరేది ఎక్కువగా చిట్టెలుక. దాని పెంటికలు బియ్యపు గింజంత ఉండి కొసలు సన్నగా ఉంటాయి. ఒక్క ఎలుకే రోజుకు 50 నుంచి 75 దాకా వేస్తుంది కాబట్టి, గుప్పెడు కనబడగానే దండు దిగిందని బెంబేలెత్తవద్దు. నల్లగా నిగనిగలాడుతుంటే తాజావి. బూడిద రంగుకు తిరిగి, పుల్లతో నొక్కితే పొడి అయ్యేవి పాతవి. అలాగని తాత్సారమూ పనికిరాదు. ఆడ ఎలుక చూలు కట్టిన మూడు వారాలకే ఈనుతుంది, ఈతకు ఐదారు పిల్లలు. ఆ పిల్లలు 6 నుంచి 8 వారాల్లో ఎదకు వస్తాయి.

ఇక కన్నాలు. పెన్సిల్ దూరే సందు, అంటే 6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, చిట్టెలుక దూరిపోతుంది. పైపులకూ వైర్లకూ గోడలో తొలిచిన రంధ్రాలే వీటికి రాజమార్గాలు. వైరు లాగాక చుట్టూ మిగిలిన ఖాళీని పూడ్చాలి. మా పనివాళ్ళలో చాలామంది పైన ఒక మూత బిగించి చేతులు దులుపుకుంటారు. ఆ మూత ఊడదీస్తే లోపల రెండు వేళ్ళు పట్టే ఖాళీ ఉంటుంది, దాని అంచునే పెంటికలు ఉంటాయి.

చీకటి పడ్డాక గదిలో దీపాలు ఆర్పి, ఒకరు లోపల నుంచి గోడల మొదళ్ళకు, తలుపు కిందకు టార్చి వేయండి, మరొకరు బయట నిలబడి చూడండి. వెలుగు కనబడిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టండి. ఎలుక నడిగదిలోంచి పోదు. మీసాలు గోడకు తగిలిస్తూ అంచు వెంటే పోతుంది. రోజూ తిరిగే దారిలో గోడకు నల్లటి జిడ్డు చార పడుతుంది. అనుమానంగా ఉంటే రాత్రి ఆ అంచున పలచగా పౌడరు చల్లండి. పొద్దున్నకు చిన్న చిన్న అడుగులు, మధ్యలో తోక ఈడ్చిన గీత కనిపిస్తాయి.

కన్నంలో గిన్నెలు తోమే స్టీలు పీచును బిగించి కూరి, పైన సిమెంటు మెత్తండి. ఉత్త ఫోమునూ రబ్బరునూ ప్లాస్టిక్‌నూ అవి కొరికేస్తాయి. వైరు పోయే రంధ్రంలో మాత్రం స్టీలు పీచు కూరవద్దు. వైరు తొడుగు చీరితే షాకు కొడుతుంది. అక్కడ వైరును గొట్టంలోంచి పంపి, గొట్టం చుట్టూ సిమెంటు పెట్టించాలి. తలుపు కింద రేకు పట్టీ కొట్టించండి.

బయటి దారులు మూశాకనే లోపలివాటిని పట్టాలి. ఒక్క బోను పెట్టి వారం ఎదురుచూసేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. స్ప్రింగు బోనులు అరడజను తెచ్చి, రెండు మూడు మీటర్లకు ఒకటి చొప్పున, ఎర ఉన్న కొస గోడను తాకేలా అడ్డంగా పెట్టండి. ఎరగా శెనగగింజంత వేరుశెనగ ముద్ద చాలు. ఎక్కువైతే మీట కదలకుండానే అంచులు నాకి పోతుంది. చిట్టెలుకకు కొత్త వస్తువంటే కుతూహలం, అందుకే ఎక్కువ ఎలుకలు మొదటి రాత్రుల్లోనే పడతాయి. పెద్ద ఎలుకకు కొత్తదంటే అనుమానం. దానికి నాలుగు రోజులు స్ప్రింగు బిగించకుండా ఎర అలవాటు చేయాలి. ప్రాణంతో పట్టే బోనైతే పొద్దునా సాయంత్రమూ చూడండి. జిగురు అట్టలు నాకు నచ్చవు, గంటల తరబడి గిలగిలలాడి చస్తాయి. శబ్దంతో తరిమే యంత్రాలకు డబ్బు దండగ, కొద్ది రోజుల్లో వాటికి అలవాటుపడిపోతాయి.

మందు తిన్న ఎలుక నీళ్ళకోసం బయటికి పోయి చస్తుందన్నది ఉత్త మాట. రక్తం గడ్డకట్టకుండా చేసే మందులతో అది చావడానికి రోజులు పడుతుంది, ఈలోగా గోడ సందులోకో అటక మూలకో చేరుతుంది. తర్వాత ఆ కంపు భరించాల్సింది మీరే. చచ్చిన ఎలుకను తిన్న పిల్లికీ గుడ్లగూబకీ ఆ విషం ఎక్కుతుంది. పసుపు భాస్వరం కలిసిన పేస్టును ఇంట్లోకి అసలు రానివ్వవద్దు. అది మనిషి కడుపులోకి పోతే కాలేయాన్ని దెబ్బతీస్తుంది, దానికి విరుగుడు లేదు.

పెంటికలను పొడిగా ఊడ్చవద్దు, ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది. కిటికీలు తెరిచి, చేతులకు తొడుగులు వేసుకుని, ఒక వంతు బ్లీచుకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి తడపండి. ఐదు నిమిషాలయ్యాక కాగితంతో ఎత్తేయండి.

చివరగా ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్ వెనక వైర్లు చూడండి. ఎలుక కొరుకుడు ఆకలి కోసం కాదు. దాని ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. తొడుగు పోయి రాగి కనబడితే ముట్టుకోకుండా మెయిన్ ఆపండి. టేపు చుట్టి సరిపెట్టకుండా ఆ వైరునే మార్పించండి.