కేస్ ఫీడర్ జామ్ అయితే ముందు షెల్ ప్లేట్ ఖాళీ చేయండి

ఛాంబర్ దగ్గర చీలిపోయిన ఒక పిస్టల్ ఫోటో ఈమధ్య చూశాను. కాల్చినతని చేతికి కుట్లు పడ్డాయి. తూటాలు తను రీలోడ్ చేసుకున్నవే, అంటే కాల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాల్లో (కేసుల్లో) మందు, బుల్లెట్ మళ్లీ పెట్టుకున్నవే. మధ్యలో కేస్ ఫీడర్ (ప్రెస్‌కు ఖాళీ కేసులు అందించే మోటారు పరికరం) ఇరుక్కుంటే సరిచేసి, ఆపిన చోటి నుంచే మళ్లీ హ్యాండిల్ లాగాడట.

రీలోడింగ్‌లో మనుషుల్ని ముంచుతుండగా నేను చూసిన తప్పు ఇదే. ప్రోగ్రెసివ్ ప్రెస్ అంటే షెల్ ప్లేటు అనే తిరిగే పళ్లెం మీద కేసుల్ని ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు నడిపించే యంత్రం. దాంట్లో హ్యాండిల్ ఒకసారి కిందికీ పైకీ కదిలితే ఒక కేసుకు ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) ఎక్కుతుంది, ఇంకోదాంట్లో మందు పడుతుంది, మరోదాని మీద బుల్లెట్ కూర్చుంటుంది. ఫీడర్ దగ్గర కేసు అడ్డం పడిందని హ్యాండిల్ వెనక్కి తీసి మళ్లీ లాగితే, మందు స్టేషన్‌లో ఉన్న కేసులోనే రెండోసారి మందు పడొచ్చు. ప్లేటును చేత్తో తిప్పితే అసలు పడకపోవచ్చు. పిస్టల్ కేసుల్లో చాలా మందులు సగం కూడా నిండవు కాబట్టి రెండింతలు పడినా పొంగదు, బుల్లెట్ మామూలుగానే కూర్చుంటుంది. అసలు పడకపోతే ప్రైమర్ తోపుకు బుల్లెట్ బ్యారెల్లోకి వెళ్లి ఆగిపోతుంది. దాని వెనకే ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగలొచ్చు.

అందుకే జామ్ తీశాక ప్లేటు మీదున్న కేసులన్నీ తీసేయండి. ఏది ఏ దశలో ఉందో గుర్తుందని అనిపించినా సరే, తీసేయండి.

ఫీడర్ సర్దుబాటు ఎప్పుడూ మందు, ప్రైమర్లు ప్రెస్ మీద లేనప్పుడే చేయాలి. ఉత్త కేసులతో ఆడించి చూడండి. ఫీడర్ క్లచ్ (అడ్డు పడితే జారిపోయే బిగింపు) మరీ బిగిస్తే కేసు అడ్డం పడినప్పుడు అది జారదు, మోటారు ఆ కేసును నలిపేస్తుంది. ఫీడర్ ప్లేటు తిరగడానికి సరిపడా బిగిస్తే చాలు. కేసులు తలకిందులుగా పడుతుంటే ముందు ఆ సైజుకు సరిపోయే ఫీడర్ ప్లేటే ఉందో లేదో చూడండి.

హాపర్ (ఫీడర్‌లో కేసులు పోసే గిన్నె) నిండా కేసులు పోయకండి. వేలు పెట్టే ముందు ప్లగ్ తీయండి. 9 ఎంఎం కేసుల్లో పొట్టి .380 కేసులు (ఇవి తూటా సైజుల పేర్లు) కలవకుండా ఏరండి. .40 కేసులో 9 ఎంఎం కేసు దూరి ఉండొచ్చు, అదీ చూసుకోండి. .45లో చిన్న ప్రైమర్‌వి, పెద్ద ప్రైమర్‌వి వేరు చేయండి: చిన్న గుంటలోకి పెద్ద ప్రైమర్‌ను నొక్కితే పేలొచ్చు. హ్యాండిల్ బరువుగా అనిపిస్తే బలం పెట్టకండి. కళ్లద్దాలు తీయకండి. ఫోను పక్కన పెట్టండి. బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ లైటు వేసి చూడండి. జామ్ అయిందా, ప్లేటు ఖాళీ చేయండి. మళ్లీ అయిందా, మళ్లీ ఖాళీ చేయండి.

అనుమానం ఉన్న తూటాలను కాల్చి చూడకండి. తూకం వేసి తేల్చుకుందామనీ అనుకోకండి, ఇత్తడిలో, బుల్లెట్లలో ఉండే బరువు తేడాల్లోనే మందు తేడా కలిసిపోతుంది. బుల్లెట్ పుల్లర్‌తో విప్పేయండి.