ఇంగ్లీష్ ఆల్బమ్‌కి మన మార్కులు మనమే వేసుకోవడం ఎలా

నా ఫోన్ నోట్స్‌లో ఒక లిస్ట్ ఉంది, రాక్, పాప్, రాప్ అన్నీ కలిపి, ప్రతి ఆల్బమ్ పక్కన పదికి ఇన్ని అని మార్కులు, అందులో కొట్టేసి మళ్ళీ వేసినవే ఎక్కువ. రేడియోహెడ్ వాళ్ళ 'ఓకే కంప్యూటర్' (1997) పక్కన మొదటిసారి 4 వేసి "ఒకటే ఏడుపు" అని రాసుకున్నా, ఇప్పుడు అదే 9. మధ్యలో నాకేం జ్ఞానోదయం అవ్వలేదు, వినే పద్ధతి మార్చుకున్నా అంతే, అదేంటో చెప్తా.

ముందు షఫుల్ ఆపండి. మనకి సినిమా క్యాసెట్ అలవాటు కదా, ఒక డ్యూయెట్, ఒక మాస్ పాట, ఒక శోకం పాట, ఏది ముందు విన్నా నష్టం లేదు, నచ్చనిది ఫార్వర్డ్ కొట్టేసేవాళ్ళం. ఎల్పీ రోజుల్లో చేసిన ఆల్బమ్ అలా కాదు, రికార్డుకి ఒక్కో వైపు ఇరవై నిమిషాల చిల్లరే పట్టేది కాబట్టి ఏ పాటతో ఆ వైపు ముగించాలి, తిప్పాక ఏది రావాలి అని కూర్చుని లెక్కలేసేవాళ్ళు. పింక్ ఫ్లాయిడ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' (1973) తీసుకోండి, గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే అయిపోద్ది, మొత్తం 43 నిమిషాలు, మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీనగర్ వచ్చేలోపు ఒక రౌండ్. మొదటి వైపు చివర్లో క్లేర్ టోరీ అనే ఆవిడ మాటల్లేకుండా ఉత్త గొంతుతోనే పాడుద్ది, శోకాలు పెట్టినట్టు అందుకుని చివరికి అలిసిపోయి మూలిగినట్టు తగ్గిపోద్ది. అసలైతే అక్కడ లేచి రికార్డు తిప్పాలి. యాప్‌లో ఆ గ్యాప్ ఏది, ఆవిడ గొంతు ఆగీ ఆగకముందే నెత్తిమీద చిల్లర కుమ్మరించినట్టు 'మనీ' వచ్చేస్తది. అందుకే నేను అక్కడ పాజ్ కొట్టి మంచినీళ్ళు తాగొస్తా. ఆ 'మనీ' ఏడు లెక్కలో నడుస్తది, మిశ్రచాపు చెవిన పడ్డవాళ్ళకి తొడమీద తాళం దానంతటదే పడుద్ది, గిటార్ సోలో రాగానే నాలుగులోకి దూకి మళ్ళీ ఏడుకొస్తారు, ఆ దూకే చోటు పట్టుకోడానికే నేను పదిసార్లు విన్నా. పాటగా మాత్రం ఆ ఆల్బమ్‌లో నాకు తక్కువ నచ్చేది అదే, తిట్టుకోండి.

రాప్ దగ్గరకొస్తే మనోళ్ళు చాలామంది "ఏం అర్థం కాదు బ్రో" అని బీట్ వినేసి వదిలేస్తారు. ఒకసారి ఊరికే వినండి, రెండోసారి లిరిక్స్ ముందు పెట్టుకుని వినండి, మూడోసారి లిరిక్స్ మూసేయండి. మొదలెట్టడానికి నాస్ 'ఇల్మాటిక్' (1994) బెస్ట్, 40 నిమిషాలు కూడా ఉండదు, అప్పటికి వాడికి 20 ఏళ్ళు, న్యూయార్క్‌లో తను పెరిగిన క్వీన్స్‌బ్రిడ్జ్ క్వార్టర్స్ తప్ప వేరే లోకం గురించి పెద్దగా మాట్లాడడు, అదే దాని బలం. తర్వాత కెండ్రిక్ లామార్ 'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ' (2012). అందులో పాటల మధ్య వచ్చే ఫోన్ మెసేజ్‌లు స్కిప్ చేయొద్దు, అమ్మేమో నా వ్యాన్ తీసుకెళ్ళావు ఎప్పుడు తెస్తావురా అంటది, నాన్నకేమో తన డామినోల (చుక్కల బిళ్ళలాట) గోల, బయట వీడు ఏ గొడవలో ఇరుక్కున్నాడో వాళ్ళకి తెలీదు. అచ్చం మనిళ్ళే. దానికి 9 నా లెక్కలో. అదే మనిషి 'డ్యామ్' (2017)కి పులిట్జర్ వచ్చింది, నేను మాత్రం 7 దగ్గరే ఉన్నా, అవార్డు చూసి మార్కులు కలపను. 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' (2015) దాదాపు 80 నిమిషాలు, ఒక్క కూర్చోడంలో నావల్ల కాదు, రెండు ముక్కలు చేసుకుని వింటా.

పాప్‌కి నా పరీక్ష వేరే: గిన్నెలు తోముతూ వినడం. చేయి ఎక్కడ ఆగిందో అది మంచి పాట. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 'రూమర్స్' (1977)లో 'ద చైన్' చివర్లో అన్నీ ఆగి ఒక్క బేస్ గిటార్ మిగిలే చోట నా చేతిలో కుక్కర్ మూత అలాగే ఉండిపోయింది. ఆ బ్యాండ్‌లో రెండు జంటలు అప్పుడే విడిపోతూ, ఒకరి మీద ఒకరు పాటలు రాసుకుని, ఆ పాటల్లోనే వెనక కోరస్ కూడా పాడుకున్నారు, అది తెలిశాక ఇంకోసారి వింటే వేరేలా ఉంటది. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' (1982) 9 పాటల్లో 7 సింగిల్స్‌గా, అంటే ఒక్కో పాట విడివిడిగా, వదిలారు కానీ అందులో మొట్టమొదట వదిలిన డ్యూయెట్టే నాకు నీరసం, మిగతావాటికి నోరెత్తను.

ఇంక రాయడం. మూడుసార్లు, మధ్యలో రెండు మూడు రోజులు గ్యాప్, రివ్యూలు చదవకుండా, ప్రతిసారీ ఒక్క లైన్ డేటుతో సహా. "బాగుంది", "సూపర్" అనే మాటలు నిషేధం, "4వ పాట, డ్రమ్స్ ఆగిన చోట ఒళ్ళు జలదరించింది" అని రాయండి, లేదా "ఇదే ట్యూన్ ఇందాక విన్నా" అని రాయండి. పాత లైన్లు చెరపకండి, నా "ఒకటే ఏడుపు" ఇప్పటికీ అక్కడే ఉంది. ఫోన్‌లో బేస్ బూస్ట్ లాంటివి తీసేయండి, ఖరీదైన హెడ్‌ఫోన్స్ అక్కర్లేదు.

ఒక జాగ్రత్త, నిర్వానా 'నెవర్‌మైండ్' (1991) సీడీ నుంచి తీసిన ఫైళ్ళు ఎవరైనా ఇస్తే చివరి పాట 20 నిమిషాలు చూపిస్తది. పాట నాలుగు నిమిషాల్లోపే అయిపోద్ది, తర్వాత పది నిమిషాలు నిశ్శబ్దం, ఆ తర్వాత దాచిపెట్టిన ఇంకో పాట, అరుపులు, గిటార్ మోత. నేను స్పీకర్‌లో పెట్టి నిద్రపోయా, పక్క మంచం మీంచి నాయనమ్మ లేచి "ఎవర్రా తలుపులు బాదేది" అంది.