టేబుల్ కంట్రోల్ డబ్బాలోకి 230 రానివ్వొద్దు

మొన్న ఆదివారం సత్యనారాయణపురంలో మా పిన్ని కొడుక్కి షాక్ కొట్టింది, అదీ వాడు సొంతంగా చేసుకున్న కంప్యూటర్ టేబుల్ దగ్గరే. బటన్ నొక్కితే టేబుల్ లేస్తది, కూర్చోగానే లైటు వెలుగుద్ది, మానిటర్ ఆన్ అవుద్ది, అన్నీ ఈఎస్‌పీ32 అనే ఒక్క చిన్న కంట్రోలర్ బోర్డు మీదే. కంట్రోల్ అంతా సబ్బుపెట్టె అంత డబ్బాలో సర్దేశానని వచ్చినోళ్ళందరికీ చూపించి మురిసిపోయేవాడు. వానకి తడిసిన కాళ్ళతో వచ్చి ఇనప ఫ్రేమ్ పట్టుకున్నాడు. వెనక్కి పడ్డాడు కాబట్టి చెయ్యి ఫ్రేమ్‌ని వదిలేసింది, బతికాడు.

వానలు మొదలవుతున్నాయి, ఇలాంటివి చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నా. టంకం, ప్లస్ మైనస్ చూసుకోడం మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

అసలు తప్పు ఒక్కటే, చిన్న డబ్బాలోకి 230 వోల్టుల ఇంటి కరెంటు తేవడం. లైటుకీ మానిటర్‌కీ రిలే (బోర్డు సిగ్నల్‌తో పనిచేసే స్విచ్) పెట్టాలని వాడు మెయిన్ వైరు ఫ్రేమ్ వెంట లాగాడు. టేబుల్ దిగి ఎక్కినప్పుడల్లా ఆ వైరు ఫ్రేమ్ రంధ్రం అంచుకి రాసుకుని, బియ్యపు గింజంత మేర తొడుగు లేచిపోయి రాగి మెరుస్తోంది. డబ్బా లోపల ఇంకా ఘోరం. రిలే బోర్డు అడుగున 230 టంకం మొనలు, వాటి కిందే ఈఎస్‌పీ, మధ్యలో డబుల్ టేపు ముక్క. ఆ ఈఎస్‌పీ నుంచి యూఎస్‌బీ వైరు లాప్‌టాప్‌కి! టేపు నలిగితే 230 నేరుగా మీ ఒళ్ళోకి.

అందుకే 230 డబ్బాలోకి రానివ్వొద్దు. బీఐఎస్ మార్కున్న సీల్డ్ అడాప్టర్ గోడ దగ్గరే పెట్టి, 12 వోల్టులో 24 వోల్టులో మాత్రమే టేబుల్‌కి తీసుకురండి. లైటు కావాలంటే 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్. మానిటర్‌కి రిలే ఎందుకసలు, సిగ్నల్ ఆగితే అదే నిద్రపోద్ది.

ఇక ఎర్త్. ఫ్రేమ్ నుంచి ప్లగ్ మూడో పిన్నుకి పచ్చ వైరు వెయ్యాలి, బోల్టు బిగించే చోట పెయింట్ గీకాలి. గీకకపోతే ఎర్త్ ఇచ్చినట్టే కాదు. మావాడిది రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఇంకేం ఎర్త్. మెయిన్ బోర్డులో ఎంసీబీ (ట్రిప్ అయ్యే స్విచ్) ఉందిగా అంటారు, అది వైరు కాలకుండా చూసేది, మనిషి కోసం కాదు. మనిషి కోసమైతే కరెంట్ లీకైతే కట్ చేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ ఉండాలి.

మోటారు సంగతి. మన దగ్గర కరెంట్ పోతుంటది, వస్తుంటది. రాగానే టేబుల్ తనంతట తాను కదలకూడదు, కింద పిల్లలుండొచ్చు. ఈఎస్‌పీ32 ఆన్ అయ్యేటప్పుడు 5, 14, 15 పిన్నులు ఒక్క క్షణం తమ ఇష్టమొచ్చినట్టు చేస్తాయి, వాటిని మోటారుకి వాడొద్దు. వాడే పిన్ను ఆన్ అయ్యేటప్పుడు ఆఫ్‌లోనే ఉండేలా దాన్నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఒకటి వెయ్యండి.

మోటారు లైన్లో ఫ్యూజ్ ఉండాల్సిందే, ఇరుక్కుంటే వైరు కాలుద్ది. చివర్లో ఆగడానికి లిమిట్ స్విచ్ పెట్టండి, కోడ్‌ని నమ్మొద్దు. 3డి ప్రింటర్‌లో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ డబ్బా వద్దు, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుద్ది, మన మే నెల ఎండలకి తోడు లోపల మోటారు నడిపే డ్రైవర్ బోర్డు వేడి. గ్లూ గన్‌తో వైర్లు అతికించొద్దు. కదిలే వైరు వదులుగా ఉండాలి, రంధ్రానికి రబ్బరు రింగు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద పెట్టొద్దు, 2024లో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళల్లోకి వచ్చింది మర్చిపోయారా. తడి చేతులతో ముట్టుకోవద్దు. 230 డబ్బాలోకి రానివ్వొద్దు, చోటు సరిపోయినా సరే, రానివ్వొద్దు.

విప్పేముందు ప్లగ్ పీకండి. స్విచ్ కట్టేస్తే చాలదు. మావాడు షాక్ తిన్నాక స్విచ్ కట్టేసి డబ్బా విప్పబోతుంటే నేను ఆపి టెస్టర్ పెట్టా, వెలుగుతూనే ఉంది. ఆ పాత ఇంట్లో ఫేజ్ మీద ఉండాల్సిన స్విచ్ న్యూట్రల్ మీద వేసి ఉంది, కట్టేసినా ఫేజ్ కరెంట్ లోపలే ఉంటది.